హన్నమ్మ గుంత చేపలు

కాలవకు నీళ్ళు బంద్ చేసి నెల దాటింది. హన్నమ్మ ఇంటెనక చేపల గుంతలో మోకాలి లోతు మిగిలింది. నీళ్ళెండితే బేరగాడు చెప్పిందే ధర. ఆ ధరకే కొందామని నంద్యాల నుంచి వచ్చిన చేపల బేరగాడు పీరా మూడుసార్లు వల విసిరినా బురదే వచ్చింది.

"అక్కా, ఈడ చేపలుండాయా, ఉత్త మాటలా? నాకు కూలి గూడా గిట్టదు. పోతాండా."

"పోతే ఎట్లప్పా? వారమాగితే అన్నీ సచ్చిపోతాయి. ఏడాది పెట్టిన తవుడంతా మట్టిపాలే."

హన్నమ్మ తవుడు చేట తెచ్చి గట్టున తట్టింది. "రాండి, రాండి" అని పిలిచింది. బొచ్చె చేపలన్నీ నీళ్ళు చీల్చుకుంటా వచ్చి ఆమె కాళ్ళకాడ నోళ్ళు తెరిచినాయి.

"ఓయమ్మో! ముందే పిలిచింటే నా రెక్కలన్నా మిగిలుండె గదక్కా!"

"నా మొగుడు ఇస్సాకు పోయినంక, నేను పిలిస్తే వచ్చేటివి ఇవేనప్పా. వలలోకి పిలిచేకి నోరు రాలేదు. ఇంగ వల ఎయ్యి."

ఒక్క వలకే గంప నిండింది. పీరా గంపలోంచి రెండు చేపలెత్తుకోని గుంత దిక్కు నడిచినాడు.

"వీటిని ఇడుస్తానక్కా. నీకు తోడుంటాయి."

"వద్దప్పా. ఇస్సాకు సావు ఒక్కదాన్నే చూసినా. నీళ్ళింకిపోతే వీటిది గూడా ఒక్కదాన్నే చూడల్నా? గంపలో ఎయ్యి."