మనవాడి మెజారిటీ

“గెలిచాడే! మనవాడు గెలిచాడే!” అంటూ రామప్రసాద్ భార్య ఇంద్రజ నోట్లో బాదుషా ముక్క కుక్కాడు.

కెనడాలోని ఓ ప్రావిన్స్‌లో అసెంబ్లీ ఓట్ల లెక్కింపు ముగిసేసరికి సౌదీలోని అల్ ఖోబర్‌లో బాగా పొద్దెక్కింది. గెలిచినాయనది బాపట్ల. ఆయన కోసం రామప్రసాద్ అక్కడి తెలుగువాళ్లందరికీ ఇక్కణ్నుంచే ఫోన్లు చేసి ఓట్లడిగాడు. ఇక్కడ కంపెనీ అతనికి ఫైనల్ ఎగ్జిట్ కొట్టి, దేశం విడిచి వెళ్లిపొమ్మంది. ఇక అతని ఆశంతా ఆ ప్రావిన్స్‌లో స్థిరపడేందుకు పెట్టుకున్న పీఆర్ దరఖాస్తు మీదే.

అక్కడి స్నేహితుడి నుంచి ఫోన్ వచ్చింది. “నీ మాట కాదనలేక మా వీధంతా ఆయనకే గుద్దాం బావా! మెజారిటీ యాభై. అన్నీ నీ ఓట్లే!”

రామప్రసాద్ పొంగిపోయి ఇంకో బాదుషా తుంచాడు. సెల్‌లో గెలిచినాయన ప్రసంగం వింటున్న ఇంద్రజ నమలడం ఆపేసింది.

“ఏమంటున్నాడే?”

“ప్రభుత్వం వాళ్ల పార్టీదేగా, బయటి దేశాల నుంచొచ్చిన పీఆర్ దరఖాస్తులన్నీ రేపే ఆపేస్తారంట. మొదట్నుంచీ ఇదే చెప్పి ఓట్లడిగాడంట. మీరు వినలేదా?”

రామప్రసాద్ చేతిలోని ముక్కను మెల్లగా డబ్బాలో పెట్టేశాడు.

“మనవాళ్లేనా అని ఒక్కటే కనుక్కున్నానే.”