అన్నీ అడిగే ఆవిడ

ఒడెట్ నోరు మళ్ళీ మూతపడింది.

గడ్డిమైదానాల పార్కు గేటు దాటి పది అడుగులైనా వెయ్యలేదు. ఎదురుగా చూడ్డానికొచ్చిన ఆరుగురు. వాళ్ళ వెనక పెద్దాఫీసరు హాలెట్, చేతిలో నోటుపుస్తకం. "అందరికీ స్వాగతం" అంది ఒడెట్. తర్వాతి మాట గొంతులో చేపముల్లులా అడ్డంపడింది.

పార్కులో గైడు పనికి ఆమెకిది మూడో పరీక్ష. మొదటి రెండుసార్లూ ఇలాగే బిగుసుకుపోయింది. "ఈసారీ మూగనోము పడితే ఇంకో పిల్లని చూసుకుంటాం" అని పొద్దున్నే చెప్పేశాడు హాలెట్. ఈ గడ్డిలో ఏ బొరియలో ఏముందో ఒడెట్‌కి తెలిసినంత ఆయనకీ తెలీదు. ఏం లాభం? ఈ పని పోతే రెజైనా పట్నం వెళ్ళి ఏ బట్టల కొట్లోనో నిలబడాలి.

గాలి ఈలలు వేస్తోంది. కనుచూపుమేర ఒక్క చెట్టు లేదు.

"ఇక్కడ పాములున్నాయటగా?"

అడిగింది గడ్డిటోపీ ఆవిడ. ఒంటరిగా వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు. బూటు లేసులు నాలుగుసార్లు కట్టుకుంది.

ఒడెట్ గొంతు పెగిలింది. "ఉన్నాయి మేడమ్. గిలకపాములు. మనం తొక్కకపోతే అవి మన జోలికి రావు. ముందే తోక ఆడించి హెచ్చరిస్తాయి. ఆ చప్పుడు వింటే ఆగండి. ఎక్కడుందో చూసుకుని మెల్లగా వెనక్కి రండి. చూడకుండా ఏ బొరియలోనూ చెయ్యి పెట్టకండి."

హాలెట్ ఏదో రాసుకున్నాడు.

అరగంటకి నేల ఉడతల ఊరు వచ్చింది. వందల బొరియలు, ఒక్కోదాని ముందూ ఒక కాపలాదారు. మనుషుల్ని చూడగానే కీచుకీచుమని ఒకటే గోల. ఒడెట్ వాటి వంక చూసింది. హాలెట్ వంక చూసింది. మళ్ళీ మాట పడిపోయింది.

"అమ్మో, ఇన్ని కన్నాలా! ఎవరి కాలైనా ఇందులో దిగబడితే? లోపలేమైనా ఉంటే?" అంది గడ్డిటోపీ ఆవిడ.

మూస్‌జా ఊరి నుంచి వచ్చిన గోధుమ రైతు లార్న్ భార్య చెవిలో గొణిగాడు. "ఇంత భయమున్న మనిషి ఇంట్లో కూర్చుని టీవీలో చూసుకోవచ్చుగా!"

"ష్, వింటుంది!"

ఒడెట్ మాత్రం గడగడా చెప్పేస్తోంది. పాత బొరియల్లో గుడ్లగూబలు కాపురం పెడతాయట. శత్రువు తొంగిచూస్తే వాటి పిల్లలు అచ్చం గిలకపాములా బుసకొడతాయట. అందరూ నవ్వారు. ఒడెట్ మాట్లాడుతున్నంతసేపూ గడ్డిటోపీ ఆవిడ పెదాలు కదులుతూనే ఉన్నాయి.

"ప్రార్థన చేసుకుంటోంది పాపం" అన్నాడు లార్న్.

మిట్ట ఎక్కేసరికి దూరంగా ఒక మగ బైసన్. కొండలాంటి మూపు. దుమ్ములో పొర్లి లేచి, ఇటే చూస్తోంది.

"అది మీదకొస్తే ఎటు పరిగెత్తాలి? చుట్టూ చెట్టైనా లేదే!" ఆవిడ గొంతు నిజంగానే వణికింది.

"దానికంటే వేగంగా మనం పరిగెత్తలేం మేడమ్. అందుకే దగ్గరికే పోకూడదు. చెయ్యి చాచి, ఒక కన్ను మూసి, బొటనవేలు దానికి అడ్డం పెట్టండి. జంతువు మొత్తం వేలి చాటున దాగితే మీరు క్షేమం. తోకైనా, కొమ్మైనా బయటికి కనిపిస్తే వెనక్కి జరగండి."

ఆరుగురూ బొటనవేళ్ళు ఎత్తారు. హాలెట్ కూడా ఎత్తాడు. నవ్వుతున్నాడు!

మధ్యాహ్నం తిరిగి గేటు దగ్గరికి వచ్చారు. హాలెట్ నోటుపుస్తకం మూసి జేబులో పెట్టుకోబోయాడు.

"ఇంకొక్కటి" అంది గడ్డిటోపీ ఆవిడ.

"అయ్యో దేవుడా" అన్నాడు లార్న్, పైకే.

"నువ్వు రోజూ ఇటు ఒక్కదానివే తిరుగుతావా అమ్మాయ్? ఏ లోయలోనో కాలు విరిగి పడిపోతే? ఫోను కూడా పలకదు. ఎవరికి తెలుస్తుంది?"

ఒడెట్ నోరు తెరిచింది. మాట రాలేదు.

హాలెట్ మళ్ళీ నోటుపుస్తకం తెరిచాడు. గడ్డిటోపీ ఆవిడ ఒడెట్‌నే చూస్తోంది, రెండు చేతులతో సంచీ పట్టీని మెలిపెడుతూ.

"తెలుస్తుంది మేడమ్" అంది ఒడెట్ చివరికి, నెమ్మదిగా, ఒక్కో మాటా వెతుక్కుంటూ. "సాయంత్రం ఆరు దాటి ఒక్క నిమిషమైతే చాలు, మా ఇంట్లోంచి పోలీసులకి, అగ్నిమాపకం వాళ్ళకి, చర్చి ఫాదర్‌కి, ముగ్గురికీ ఫోన్లు వెళ్ళిపోతాయి. నేను తప్పిపోదామన్నా తప్పిపోనివ్వరు."

అందరూ పడీపడీ నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వలేదు.

"చివరిదే బాగా చెప్పావు" అన్నాడు హాలెట్. "సోమవారం ఎనిమిదింటికి వచ్చి యూనిఫాం తీసుకో."

కార్లన్నీ వెళ్ళిపోయాయి. హాలెట్ జీపు లేపిన దుమ్ము కూడా అణిగింది. గడ్డిటోపీ ఆవిడ ఒక్కతే తన పాత ట్రక్కులో కూర్చుని, ఇంజను ఆన్ చేస్తూ, ఆపుతూ ఉంది. ఒడెట్ వచ్చి తలుపు తీసి, పక్కసీట్లో కూలబడి బూట్లు విప్పుకుంటూ అంది:

"మన వంటింట్లో కూర్చుని రాసుకున్న ప్రశ్నల్లో ఆ ఆఖరిది లేనేలేదు కదా అమ్మా, ఎందుకడిగావ్?"