ఏడో నంబరు: ఆఫ్

తూకం గుమాస్తా వరదప్పను పనిలోంచి తీసేసే కాగితం టైపైపోయింది. మేనేజర్ లోకనాథ్ సంతకం ఒక్కటే మిగిలింది.

సూళగిరిలోని ఆ గ్రానైట్ ఫ్యాక్టరీలో అన్ని కంప్యూటర్లకూ నెట్‌వర్క్ ఉంది, గేటు దగ్గరున్న వరదప్ప తూకం కంప్యూటర్‌కు తప్ప. మూడేళ్లుగా అతను ప్రతి లారీ బరువూ చీటీ మీద రాసుకుని ఆఫీసుకు నడిచి వచ్చి ఇస్తున్నాడు.

"నడిచేదానికే నీకు జీతమిస్తా ఉండాము," అన్నాడు లోకనాథ్. "పాత ఇంజనీరు నీ లైను ఊరికే ఆపేసినాడా? తూకంలో ఏందో కెలికింటావు."

"నేనేమీ కెలకలేదు సార్. పిడుగుకు పాత స్విచ్చి కాలిపోయేదాకా నాకు లైను వస్తానే ఉన్నింది."

"ఇది చూడప్పా అయితే."

లోకనాథ్ ఒక కాగితం విసిరాడు. కంప్యూటర్లన్నిటినీ కలిపే ఆ స్విచ్చిలో ఏ లైను ఎట్లా ఉందో పిడుగుకు ముందే పాత ఇంజనీరు రాసిపెట్టిన జాబితా అది. కొత్త స్విచ్చిని దాని ప్రకారమే అమర్చారు. అందులో ఏడో నంబరు, తూకం: ఆఫ్.

నెట్‌వర్క్ చూసుకోవడానికి కొత్తగా చేరిన ప్రతిభ ఆ కాగితం తీసుకుంది.

"సార్, ఇది మనం స్విచ్చికి చెప్పిందా, స్విచ్చి మనకు చెప్పిందా?"

"ఏమమ్మా, స్విచ్చి మాట్లాడతాదా?"

"మనం ఆపమన్నా ఆఫే సార్. ఈ జాబితా రాసిన పొద్దు ఆ కంప్యూటర్ ఆగి ఉన్నా ఆఫే. రెండూ కలిపి ఒకే జాబితాలో రాసేసినారు. ఏది ఆజ్ఞో, ఏది ఆ పొద్దుటి సంగతో తెలీదు."

"బర్గూరు కాలేజీలో నేర్పించేది ఇదేనా? మీ ఇంట్లో మొదటి డిగ్రీ నీదే కదా, అందుకే ఇంత సంబరం. ఆఫ్ అంటే ఆఫ్. ఎవరో ఆపినారు. ఎందుకు ఆపినారో ఈ మనిషి మొహం చూస్తేనే తెలస్తా ఉంది."

వరదప్ప తల వంచుకున్నాడు. లోకనాథ్ పెన్ను మూత తీశాడు.

ప్రతిభ జాబితా కింద ఉన్న నంబరుకు ఫోన్ చేసి స్పీకర్ నొక్కింది. పాత ఇంజనీరు చెన్నకేశవ పలికాడు. ఏడో నంబరు లైను ఎందుకు ఆపారని అడిగింది.

"నేను ఎవురి లైనూ ఆపలేదమ్మా," అన్నాడాయన. "ఆ జాబితా రాసిన పొద్దు ఆయుధ పూజ, లోకనాథ్ సారే తూకం కంప్యూటర్‌ను ఆపి గంధం బొట్టు పెట్టినాడు, నేను చూసింది చూసినట్టు ఆఫ్ అని రాసినాను."