మేడ మీద చీపురు చప్పుడు

జూబ్లీహిల్స్‌లోని పాత జాగీర్దారు బంగళాకు భిక్షం పదకొండేళ్లుగా కాపలాదారు. చుట్టూ అద్దాల సాఫ్ట్‌వేర్ ఆఫీసులు లేస్తుంటే, బంగళా మాత్రం వానవానకూ కొంత కూలుతూ వచ్చింది. మొన్నటి వానకు మేడ మెట్లూ పడిపోయాయి. రేపు పొద్దున కూల్చేస్తామని యజమాని మనిషి వచ్చి చెప్పినా భిక్షానికి ఏమీ అనిపించలేదు.

ఆ రాత్రి మేడ మీద ఎవరో ఊడుస్తున్న చప్పుడు. మూలకు వచ్చి ఆగడం, చీపురును రెండుసార్లు నేలకు కొట్టడం. నిరుడు చనిపోయిన అతని భార్య కొమురమ్మ అచ్చం అలాగే ఊడ్చేది.

భిక్షానికి భయం కలగలేదు. మంచం మీంచి లేవనూ లేదు.

"ఇగ సాలు కొమురమ్మా. పొద్దుగాల ఎట్లైనా కూలగొడతరు," అన్నాడు.

చప్పుడు ఆగిపోయింది. పైనుంచి ఆమె గొంతు అడిగింది.

"మరి మనిద్దరం యాడుందాం?"

భిక్షం మెల్లగా తన గుండె మీద చెయ్యి పెట్టి, కొట్టుకుంటోందా అని చూసుకున్నాడు.