చుక్క దగ్గర ఆవులింత

రొట్టెల బట్టీలో పని ముగించుకొని, ఒంటిమీది పిండైనా దులుపుకోకుండా తండ్రి బడికి వెళ్ళాడు. ఆ రోజు కూతురికి చదివే పరీక్ష. తప్పితే మళ్ళీ అదే తరగతి.

"ఒక్క తప్పూ లేకుండా చదివింది," అన్నది పంతులమ్మ. "కానీ వాక్యం పూర్తయిన ప్రతిసారీ నోరంతా తెరిచి ఆవులించింది. ఇంట్లో పిల్లను నిద్రపోనివ్వరా ఏమిటండీ?"

తండ్రి తల దించుకున్నాడు. రోజూ పని నుంచి రాగానే కూతురిని పక్కన కూర్చోబెట్టుకొని, కునికిపాట్లు పడుతూనే కథ చదివి వినిపించేవాడు. ఆ నిద్రమొహపు చదువు పిల్ల చెవికెక్కదనే అతని దిగులు.

"ఎందుకు ఆవులించావే, నా తల్లీ?"

"చుక్క వచ్చింది కదా నాన్నా!" కూతురు ఆశ్చర్యపోయింది. "నువ్వు అక్కడ ఆవులిస్తావుగా? నేను ఒక్కటీ వదల్లేదు."