ఒకే తీగ మీద

జాహేదాకు పెళ్ళై నెలైనా కాలేదు. లినక్స్ నడిచే చేతి కంప్యూటర్‌తో అచ్చంపేట అడవిలో సర్వేకు వెళ్ళిన భర్త రజాక్ జాడ నాలుగు రోజులుగా లేదు. అతను ఫోన్ లైనులో పంపిన ఆఖరి కబురు పక్కగదిలోని పెద్ద కంప్యూటర్‌లో ఉంది. ఆ కబురు అతను తీసుకెళ్ళిన యంత్రం నెట్‌వర్క్ నంబరుకే తెరుచుకుంటుంది. జాహేదా ఇంట్లో మిగిలిన చేతి కంప్యూటర్‌కు తీగ తగిలించి, ఆ నంబరే పెట్టింది.

‘ఈ నంబరుతో ఇంకో యంత్రం ఇప్పటికే ఇదే తీగ మీద ఉంది’ అని తెర మీద వచ్చింది.

ఆ తీగ పక్కగదికే పోతుంది. ఆ గది తాళంచెవి రజాక్ జేబులోనే ఉంది.

“అత్తమ్మా, లోపల ఎవరన్న ఉన్నరా?”

“తాళమేసిన అర్రల ఎవరుంటరు బేటీ? జర పండుకో,” అంది హుస్సేన్ బీ.

జాహేదా మీటల మీద ‘నువ్వేనా?’ అని కొట్టింది. తలుపు అవతల మీటల చప్పుడు మొదలైంది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

రజాక్ ఒక్క వేలితో, అక్షరాలు వెతుక్కుంటూ కొట్టేవాడు. ఆమె నవ్వేది.

ఈ చప్పుడు ఆగడం లేదు. పది వేళ్ళూ ఆడుతున్నాయి.