పదో రీలు

"ఆ సినిమా మొత్తం మీ గొంతేనా, మేడమ్?"

ఈ ప్రశ్న వస్తుందని నటి అనుకోలేదు. అప్పటిదాకా ఆ విలేకరి అమ్మాయి మొదటి మేకప్ గురించీ, పెంపుడు కుక్క గురించీ బుద్ధిగా అడుగుతూ వచ్చింది. ముప్ఫై దాటీ దాటని పిల్ల. ఒళ్ళో లాప్‌టాప్, చేతిలో మూత తీయని పెన్ను. ఇలాంటివాళ్ళను వందమందిని చూశాం, కాఫీ ఇచ్చి పంపేయొచ్చని నటి ధీమాగా కూర్చుంది.

ఆదివారం ఆమెకు జీవన సాఫల్య పురస్కారం ఇస్తున్నారు. ఇన్నేళ్ళలో ఎన్ని సినిమాలు చేసినా, ఇస్తున్నది మాత్రం ఆ ఒక్క సినిమాలోని ఉత్తరం సీను కోసమేనని ఆహ్వానపత్రంలోనే అచ్చేశారు. దూరాన ఉన్న భర్తకు రాసిన ఉత్తరాన్ని నాయిక పైకి చదువుకునే సీను అది. చదువుతూ చదువుతూ ఒకచోట ఊపిరి పట్టేసినట్టు ఆగిపోతుంది. ఆ ఒక్క క్షణం గురించి ముప్ఫై ఒక్క ఏళ్ళుగా రాస్తూనే ఉన్నారు. నటన నేర్పేచోట దాన్ని పాఠంగా కూడా చెబుతున్నారు.

"నా గొంతు కాకపోతే ఇంకెవరిదమ్మా?" అని నవ్వేసి, నటి కాఫీ కోసం చెల్లెల్ని కేకేసింది. తలుపు చాటున చెవి ఒగ్గి నిలబడ్డ చెల్లెలు వెంటనే ఊడిపడి, అక్కకు పొద్దున్నించీ ఎండదెబ్బ, మిగతాది రేపు మాట్లాడుకోవచ్చని చెప్పింది. బయట కుండపోతగా వాన కురుస్తోంది.

విలేకరి కుర్చీలోంచి కదల్లేదు. మూతపడిన డబ్బింగ్ థియేటర్ పాత రిజిస్టరు ఒకటి తన కంటబడిందనీ, అందులో ఆ సినిమా పేరు కింద మూడు రోజులపాటు వేరే ఆవిడ సంతకం ఉందనీ చెప్పింది.

"ఎక్కణ్ణించి ఆవిడ గొంతో చెప్పండి చాలు. ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పట్టుకోలేకపోతున్నాను."

ఆ మాట అంటున్నప్పుడు ఆ పిల్ల గొంతు వణికింది. పెద్ద వార్త చేతికి చిక్కబోతున్న ఆత్రం కాబోలనుకుంది నటి. ఆమెకు ఒళ్ళు మండింది, ఆ వెనకే భయమూ వేసింది. ఈ సంగతి తెలిసిన నిర్మాత ఇప్పుడు బతికి లేడు. సౌండ్ ఇంజనీరు పోయిన ఏడాది పోయాడు. ఆ గొంతు ఇచ్చిన అమ్మాయైతే సినిమా విడుదలైన నెలకే కన్నుమూసిందని ఎవరో చెప్పగా విన్నది. కాదని ఒక్క మాట బొంకితే అడిగేవాడు లేడు. నిజం చెబితే ఆ సీను పోతుంది, ఆ సీను పోతే తన పేరులో ఇంకేం మిగులుతుంది?

చెల్లెలు వెనక నిలబడి వద్దు వద్దని కళ్ళతో సైగ చేస్తోంది. నటి ఆ సైగ చూసింది. ఆ సీను బాగుందని ఎవరు పొగిడినా తను తేలు కుట్టిన దొంగలా చేతులు జోడించి ఊరుకున్న రోజులన్నీ గుర్తొచ్చాయి. ఇంక చాలనిపించింది.

"నువ్వెళ్ళి కాఫీ పెట్టవే," అంది చెల్లెలితో.

తర్వాత ఏమీ దాచలేదు. తొమ్మిది రీళ్ళు తనే చెప్పింది. పదో రీలు మధ్యలో గొంతు వాచి మాట పడిపోయింది. నెల్లాళ్ళు నోరు మెదపకూడదన్నాడు డాక్టరు. విడుదల తేదీ చూస్తే అప్పటికే గోడలెక్కేసింది. నాయిక పక్కన స్నేహితురాళ్ళ వేషాలకు డబ్బింగ్ చెప్పే అమ్మాయిని పట్టుకొచ్చారు. ఆ అమ్మాయి తొలి రోజంతా ఆ తొమ్మిది రీళ్ళూ విని, నటి ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో కూడా పట్టేసింది.

"తెర మీద తన పేరు వెయ్యలేదు. వెయ్యమని నేనూ అడగలేదు. అడగాల్సిందమ్మా. నాది తప్పే."

విలేకరి లాప్‌టాప్ ఆమె వైపు తిప్పి సీను పెట్టింది. నటి తెర మీద వేలు ఉంచి, ఒక వాక్యం అయిపోగానే ఆపమంది.

"ఇక్కడిదాకా నేను. ఇక్కణ్ణించి చివరిదాకా అంతా తనే."

మళ్ళీ నడిపించారు. లోకం మెచ్చుకున్న ఆ క్షణం వచ్చింది. ఉత్తరం చదువుతున్న గొంతు ఊపిరి పట్టేసినట్టు ఆగి, మెల్లగా మళ్ళీ అందుకుంది.

"ఇది నటన కాదు," అంది నటి. "నెలలు నిండిన మనిషి. కుర్చీ వేస్తే వద్దని నిలబడే చెప్పింది. సరిగ్గా ఆ మాట దగ్గర కడుపులో బిడ్డ తన్నింది. మళ్ళీ చేద్దామన్నారంతా. బాగుంది, ఉంచెయ్యండని కాగితం మీద రాసి చూపించింది నేనే."

చెప్పేశాక ఆమెకు గుండెల మీద బరువు దిగినట్టయింది. ఆదివారం వేదిక మీద ఆ అమ్మాయి పేరు తనే చెబుతానంది. ఈలోగా పేపర్లో వేసుకున్నా అభ్యంతరం లేదంది.

"రాసుకో మరి."

విలేకరి రాసుకోలేదు. సీను వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టింది. అయిపోగానే ఇంకోసారి పెట్టి, ఈసారి స్పీకరుకు చెవి ఆనించి కళ్ళు మూసుకుంది. చెల్లెలు తెచ్చిపెట్టిన కాఫీ ముట్టుకోలేదు.

"ఇంకా ఏం అనుమానమమ్మా?" అంది నటి.

"మా అమ్మ గొంతు వినడం నాకిదే మొదటిసారి, మేడమ్."